పల్లేరు

పడవ దిగంగనే సయీద్ ఆపిండు.
చెప్పులు విప్పమన్నడు.
ఇత్తడి తీగల బ్రష్షు ఒకటి, ఉప్పునీళ్ళ బకెటు ఒకటి.
బయటి గింజ ఒక్కటి సుత దీవి మీదికి పోవద్దట.
లోపలి గులకరాయి ఒక్కటి సుత బయటికి రావద్దట.

ఖసబ్ నుంచి గంటన్నర.
శుక్రవారం. నేనూ, లింబాద్రీ.
దారి పొడుగునా గుట్టలు
జొన్నరొట్టెలు దొంతి పెట్టినట్టు, అంచులు మాడి
నిట్టనిలువున నీళ్ళల్లకు దిగినయి.
"ఇన్ని గుట్టలల్ల ఒక్కదానికన్న
నెత్తి మీద చెట్టు లేదేందిరా," అన్నడు లింబాద్రి
తన బట్టతల తడుముకుంట.

నా చెప్పు అడుగున దొరికింది ఒకటి.
సయీద్ పట్టకారుతోని పీకి
ఎండకు పట్టి చూసిండు.
పల్లేరు కాయ.
మా క్యాంపు ఎనక, నీళ్ళ ట్యాంకరు కారే జాగల మొలిచిందే.
ఎన్ని దినాల సంది దాని మీద నడుస్తున్ననో,
రబ్బరు మందం, కాలికి తెల్వలేదు.
అగ్గిపెట్టెల ఏసి, మీద తారీఖు రాసి
నా పేరు అడిగిండు.
ఒక్కో అక్షరం చెప్పిన,
ఉత్తకాళ్ళ మీద, కాలే రాళ్ళ మీద, కాలు మార్చుకుంట.

కోటకు మెట్లు లేవు, మేకల జాడ ఉన్నది.
మోకాళ్ళు ఒత్తుకుంట ఎక్కినం.
బురుజుకు నీటికాకులే సున్నమేస్తున్నయి, రోజూ.
సగం గోడ సముద్రంల పడ్డది,
మిగిలిన సగం
ఇయ్యాల్నా రేపా అన్నట్టు నిలవడ్డది.
పొరలు పొరలు ఊడుతున్న ఫిరంగి,
దాని నోట్లె ఏదో పిట్ట గూడు.
సయీద్ పెదవుల మీద వేలు పెట్టిండు.
ఇంత దూరమొచ్చి
ఫిరంగి ముందు గుసగుసలాడినం.

గోడ కంతల నుంచి చూస్తే సముద్రం పెనమంత.
దూరంగ ఒక నూనె ఓడ
ఆ పెనం దాటటానికి ఒక బీడీ సేపు పట్టింది.
బీడీ ముట్టియ్యొద్దు గనక
ఆ లెక్క మనసుల్నే.

లింబాద్రి ఊళ్ళె బావుల పూడిక తీసినోడు.
ఎండిన నీళ్ళతొట్టిల తల పెట్టి వాసన పట్టిండు.
"రెండు మూరలు తవ్వితే తడి తగుల్తది."
"తవ్వొద్దు," అన్నడు సయీద్.
"తవ్వనయ్యా. చెప్తున్న, అంతే."

దర్వాజ కాడ, గడప రాయి సందుల నుంచి
నేలకు అంటుకొని, పసుప్పచ్చ పూలతోని
పల్లేరు.
నేను వేలు చూపెట్టిన.
సయీద్ గొంతుకూర్చున్నడు.
కోట కట్టినోళ్ళ గుర్రాల గడ్డిల వచ్చిందో,
వాళ్ళకంటె ముందటిదో, ఎవలకెరుక అన్నడు.
ఇప్పుడైతే మాదే, లిస్టుల ఉన్నది,
ముప్పై ఒకటో నంబరు.
లిస్టుల ఎక్కటానికి ఎన్నేండ్లు పట్టిందని అడగబోయిన.
నాకొచ్చిన అరబ్బీ
సామాన్ల ధరల కాడికే.

పోయేటప్పుడు జేబులు చూసిండు.
లింబాద్రి తెల్లరాయి ఒకటి తీసి
బడిపిలగాని లెక్క
టేబులు మీద పెట్టిండు.
నా జేబుల కార్డు, చిల్లర, దువ్వెన.

పడవ సగం దూరం వచ్చినంక
పాయింటు మడతల ఏదో గుచ్చింది.
చీకటి పడుతున్నది, సరిగ కనవడలేదు.
నేను తెచ్చిందో, అక్కడిదో,
ముండ్లు మాత్రం అవే.
లింబాద్రి కునుకు తీస్తున్నడు.
మడత మళ్ళ సరిజేసి
ఖసబ్ లైట్లు అగుపడే దాక
కాలు కదపకుంట కూసున్న.