రాగి సాళ్ళు

యశ్వంతపురం వైపు ఆఖరి బస్సు పోయింది.
నేలమాళిగలో నేనూ, హీలియం గొట్టం బిగిస్తూ మునెప్పా.

నువ్వుగింజంత నల్ల పలుకు.
లోపల రాగి పొరల్లో ఎలక్ట్రాన్లు
బారులు తీరాయని చెప్పాను.
"రాగి అంటే మాకు తినేదే మేడమ్,
ముళబాగిలులో దానికీ సాళ్ళే."

పంపిన వెలుగు తిరిగొచ్చింది,
వెంట్రుకవాసిలో వెయ్యోవంతు మెడ తిప్పి.
కాలాన్ని వెనక్కి నడిపిస్తే
ఇది ఇదిలా ఉండదన్నమాట.

అయస్కాంతంతో బతిమాలాను, బెదిరించాను.
గది వేడికి తెచ్చి మళ్ళీ చల్లార్చాను.
అటే. మళ్ళీ అటే.

"మా నాయన దగ్గర ఓ ఎద్దుండేది,
సాలు చివర ఎడమకే తిరిగేది.
కొట్టినా అంతే."

మూడూ పదికి లాగ్‌బుక్ నింపాను.
కోణం రాశాను. గుర్తు రాశాను.
కారణం అన్న గడిలో పెన్సిలుతో,
చెరపడానికి వీలుగా,
ఎద్దు.