రెండు వేలు

ఇస్కూలు వరండాలో సున్నంతో గీసిన గుండ్రాలు,
గుండ్రానికొక జత చెప్పులు.
మనుషులంతా చింతచెట్టు నీడకు పోయి
భుజాలు రాసుకుంటా కూర్చునుండారు.
చెప్పులు మాత్రం మూడడుగుల ఎడంలో
చట్టానికి కట్టుబడి నిలబడినాయి.

నేను బ్యాంకు మిత్రని.
అరచేతంత మిషను, సంచీలో కాగితం చుట్టలు,
మొగానికి మా ఆయన పాత పంచె చింపి కుట్టిన గుడ్డ.
ముద్రకు నాకొచ్చేది ఆరు రూపాయలు.
"కరోనా డబ్బులు పడినాయంట పాపా, చూడు" అంటా
పాలు పిండిన చేతుల్తోనే
తెల్లారేసరికి వచ్చేసినారు.

మొదటి జత రెడ్డెప్పవి.
పడినాయి ఆయప్పకు, రెండు వేలు.
వేలు పెట్టన్నా, అంటి. పెట్టినాడు.
సరిపోలలేదన్నాది మిషను.
బొటనేలు, చూపుడేలు, కుడిది, ఎడమది,
నెల్లాళ్లు టమోటా కోసిన పసరు
గీతల్లోకి దిగి నల్లగా గడ్డ కట్టుండాది.
సబ్బుకు పోలేదు, చింతపండుకు పోలేదు,
పంచాయితీ సీసాలో మందుకు అసలే పోలేదు.
"కాయ కేజీ రూపాయికి గూడా పోలేదు గానీ
దీని కర మాత్రం నన్ను ఇడిసేట్టు లేదు" అన్నాడు.
తల మీద నూనె తగిలితే పడతాదని ఎవురో అరిస్తే
వేలిని జుట్టులో రుద్ది రుద్ది పెట్టినాడు.
ఏడోసారికి మిషను పచ్చగా వెలిగినాది.
చింతచెట్టు కింద జనమంతా
పరీక్ష పాసైనట్టు చప్పట్లు కొట్టినారు.

రెండో జత ఎవరివో.
పిలిస్తే పలకలేదు.

మూడో జత కుప్పమ్మవి, పిన్నీసు కుట్టినవి.
ఆమె వేలు ఒక్కసారికే పట్టినాది.
ఏం గీతలు! అప్పుడే వేసిన ముగ్గు మాదిరి.
ఈసారి ఆమె కాయ కోయనే లేదు.
కోత కూలి కాయ కంటే ఎక్కువైతే
రెండెకరాలు ఎర్రగా
చెట్ల మీదే కుళ్లనిచ్చింది.
అందుకే ఆ వేళ్లు అంత శుభ్రం.

నిల్వ: నలబై మూడు రూపాయలు.
"మళ్లా చూడు పాపా."
మళ్లా చూస్తి. నలబై మూడే.

నేల కౌలుది.
కాగితాల్లో పలమనేరు మందుల షాపాయన పేరు.
ఆయన ఫోను మొన్ననే టింగుమన్నాదంట.
ఎందుకు పడినాయో తెలీక
ఈమెకే ఫోను చేసి అడిగినాడంట,
"ఏం కుప్పమ్మా, రెండు వేలు పడినాయి,
కౌలు బాకీ ఏమన్నా వేసినావా?"

అది చెప్పి ఆమె నవ్వింది.
గుడ్డ అడ్డముండాది గదా,
నవ్వో కాదో కళ్లను బట్టి అనుకోవల్సిందే.

అయిదో తరగతిలో మా అయివారు చెప్పినాడు,
వేలు అంటే చేతిదీ కావొచ్చు, లెక్కదీ కావొచ్చు,
వాక్యంలో పెడితే తెలిసిపోతాదని.
వాక్యంలో పెట్టి చూస్తా ఉండా:
వేలు పడినాయనకు వేలు పట్టలేదు,
వేలు పట్టినామెకు వేలు పడలేదు.
ఏది ఏదో ఎవురైనా చెప్తారా?

"ఆ చీటీ ఇయ్యి పాపా" అన్నాది.
దేనికత్తా, నలబై మూడు రూపాయలకు?
"ఉండనీ. నేనొచ్చినట్టు."
మడిచి కొంగున ముడేసుకొని
పిన్నీసు కాలికి గుచ్చుకోకుండా
వేళ్లు వంచి నడిచిపోయినాది.
నిల్వ చూస్తే నాకు కమీషను రాదు,
ఆ మాట ఆమెకు చెప్పలేదు.

పొద్దు వాలేసరికి బ్యాటరీ చచ్చిపోయినాది.
నా స్కూటరు కొక్కేనికి
ఎవురు తగిలించినారో టమోటాల సంచి.
ఇంట్లో నెల్లాళ్లుగా అదే పులుసు,
అయినా దించి పెట్టేదానికి చేతులు రాలేదు.

తిరిగి చూస్తే
రెండో గుండ్రంలో ఆ జత అట్లే ఉండాది,
మడమల కాడ అరిగి, తూర్పుకు తిరిగి.
ఉత్తకాళ్లతో ఇంటికి పోయినాడేమో,
రేపటికి తన వరస పోగూడదని.

రేపు నేను రావాల్సింది ఈ ఊరికి కాదు.