పిడికిట్లో తడి

"రెండు వారాలు చూసుకో ఇష్బెల్" అని
పై అంతస్తు పెట్రీ నిన్ను గుమ్మంలో దించి
సముద్రంలో చమురు తోడే పనికి పోయాడు.
పదకొండేళ్లయింది.
బెయిలీ అన్న పేరు వాడు పెట్టిందే.
కాళ్ల మీద ఎర్ర పొలుసులు మాత్రం
పుట్టుకతో తెచ్చుకున్నావు.

డండీ వానకి గొడుగులంటే లెక్కలేదు.
నది మీంచి లేచి, మెట్లెక్కి వచ్చి
తాళంచెవి కంతలోంచి ఇంట్లోకి దూరుతుంది.
అల్మారాలో బూట్లకి బూజు పట్టే కొంపలో
నీకు తడి చాలదేమోనని
నేను బెంగపడ్డాను చూడు!

పొడిగా ఉంచితే డిప్ప
బుడిపెలు బుడిపెలుగా లేస్తుందన్నాడు దుకాణం కుర్రాడు.
కొబ్బరిపొట్టు ఇటుకలు నానబెట్టి
నాలుగు వేళ్ల మందాన పరిచి
అద్దాలు చెమర్చేదాకా రోజూ మగ్గుతో పోశాను.
కొబ్బరిచెట్టుని నేనెప్పుడూ చూడలేదు.
దాని పీచు వాసన మాత్రం
నా వంటింటికి పట్టుకుంది.

నవంబరులో ఒక ఆదివారం
పిండి తూచే తక్కెడ మీద నిన్ను తూస్తూ
(కడుగుతాలే, ముఖం అలా పెట్టకు)
వెల్లకిలా తిప్పి చూశాను.
పొట్ట పలక మీద, ఎడమ వెనకకాలి పక్కన
తెల్లటి మచ్చ.
గోటితో నొక్కితే గోరు దిగింది.
వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

గోదాములో అట్టడుగున నానిన గోనెసంచి.
ఆ వాసన నాకు తెలుసు.
ముప్పై ఒక్క ఏళ్లు తెలుసు.

తడిగుడ్డతో గొంతు కోయడమంటారే,
అది.
కోసింది నేనే.

పశువుల డాక్టరు కుర్రాడు, మకాస్కిల్,
నాకు వినపడదని అరవబోయాడు.
పెదాలు కదుపు బాబూ, చాలు అన్నాను,
మగ్గాల మోతలో మేమంతా
అలాగే పోట్లాడుకున్నాం, అలాగే పెళ్లిళ్లు కుదుర్చుకున్నాం.
మెత్తబడ్డంత మేరా గీకాడు.
నువ్వు తల లోపలికి లాక్కున్నావు.
నాకు లాక్కోడానికి ఏమీ లేదు.

మూడు వారాలు పాత పేపర్ల మీద నీ కాపురం.
పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి
పసిపిల్లల టూత్‌బ్రష్‌తో అయోడిన్.
నా వేళ్లు గోధుమరంగు, నీ పొట్ట గోధుమరంగు,
టీ కప్పు కూడా.
ఇక బిల్లంటావా, తడిసి మోపెడైంది.
ఈసారి ఆ మాట అక్షరాలా.

ఆ పేపర్ల మీద నువ్వు కరకరా నడుస్తుంటే
నెట్టా డఫ్ గుర్తొచ్చింది.
నాకు పదిహేనేళ్లు, మిల్లులో మొదటి రోజు.
జనపనార మీద నీళ్లూ తిమింగలం నూనే చల్లే చోట
ఆవిడ నా పిడికిట్లో ఇంత నార కుక్కి
పిండమంది.
కారితే రేపటికి కుళ్లు.
గరగరలాడితే మరమీద తెగుతుంది.
తెరిచినప్పుడు అరచెయ్యి మెరవాలి, అంతే.

ముప్పై ఒక్క ఏళ్లు ఆ పిడికిలితోనే అన్నం తిన్నాను.
నీ దగ్గరికొచ్చేసరికి
దాన్నెక్కడ పెట్టి మర్చిపోయానో.

ఇప్పుడు నీళ్లు నాలుగు మూలల్లోనే పోస్తున్నాను,
సగం మగ్గు, గోడ వెంబడి, తొందర లేకుండా.
అవి అడుగుకి పోయి అక్కడ నేలమాళిగలా చల్లగా ఉంటాయి.
నువ్వు నడిచే పైపొర పొడి.
పడుకునే గూట్లో గుప్పెడు నాచు.
దీపం కింద పలకరాయి వెచ్చగా.
ప్రతి శనివారం అడుగుదాకా చెయ్యి పెట్టి
ఒక గుప్పెడు తీసి పిండుతాను.
ముద్ద నిలిచింది.
వేలితో పొడిస్తే రెండుగా విడిపోయింది.
నెట్టా ఉంటే తల ఊపేది.
ఊపకపోవచ్చు కూడా, ఆవిడ అంత తేలిగ్గా ఊపేది కాదు.

డిప్ప పలకల మధ్య లేతరంగు గీత పడుతోంది,
కొత్త ఎముక.
మచ్చ ఉన్నచోట మాత్రం బటాణీ అంత గుంట,
గట్టిగా, పొడిగా.
అది పూడదు అన్నాయి మకాస్కిల్ పెదాలు.

బయట మళ్లీ మొదలైంది వాన.
పుట్టగొడుగు ముక్క తిను.
పెట్రీ ఎప్పుడైనా తిరిగొస్తే
కూర్చోబెడతాను, టీ ఇస్తాను,
నిన్ను చూపిస్తాను.

వెల్లకిలా మాత్రం తిప్పనివ్వను.