పన్నెండు మాటలు

నేను పన్నెండు మాటలు చదువుతాను.
మీరు గుర్తున్నవి చెప్పాలి, ఏ వరసలోనైనా.
పడవ, సుత్తి, నారింజ, గుర్రం, ఉప్పు, కిటికీ...

మిచెల్స్ ప్లెయిన్ క్లినిక్‌లో మూడో గది.
ఆగ్నేయపు గాలి తెచ్చిన ఇసుక
తలుపు కింద నుంచి లోపలికొచ్చి కూర్చుంటుంది.
ఎదురుగా వర్జిల్ సెప్టెంబర్, ముప్పై నాలుగేళ్ళు,
బొటనవేలి మీద పాత కాలిన మచ్చ.

సెప్టెంబర్, అతని ముత్తాతల్లో ఎవరినో
ఓడ నుంచి దించిన నెల.
దించినవాళ్ళకి అసలు పేరు అడిగే తీరిక లేకపోయింది.
ఈ వీధిలో సగం ఇళ్ళు క్యాలెండరే:
పక్కింట్లో ఫిబ్రవరి వాళ్ళు, మలుపులో ఏప్రిల్ వాళ్ళు.
పోగొట్టుకోవడం కొత్త కాదు ఇక్కడ.
ఇది మాత్రం ఆ పోగొట్టుకోవడం కాదు.

మొదటిసారి అయిదు మాటలు.
గుర్రం రెండుసార్లు వచ్చింది.
రెండోసారి ఆరు.
మూడోసారి అయిదూ, నేను చదవనిది ఒకటీ:
రైలు.
తప్పుల గడిలో ఒక గీత పెట్టాను.

తర్వాత మేకుల పలక. ఇరవై అయిదు చిల్లులు.
స్టాప్‌వాచ్ నొక్కగానే టిక్ అంది
అతని చూపు చటుక్కున ఇటు తిరిగింది.
ఇక్కడ ఆ మత్తు పేరూ అదే.
బల్బు కడుపు ఖాళీ చేసి, పొడి పోసి, కింద మంట పెడితే
గాజు లోపల పలుకులు చిట్లే చప్పుడు.
మర్నాడే చప్పుడు చేయని గడియారం కొన్నాను.

"లోపల ఏమవుతోంది మేడమ్?"
మార్కుల కాగితం వెనక గీసి చూపించాను.
హెచ్ఐవీ నేరుగా నరాల జోలికి పోదు వర్జిల్,
కాపలావాడిలో దాక్కుని
వాడి కాళ్ళతోనే మెదడు గడప దాటుతుంది.
లోపలి కాపలావాళ్ళు దొంగ వాసన పట్టి
ఇంటికే నిప్పు పెట్టుకుంటారు.
కంచే చేను మేస్తుంది.
ఇక ఆ పొడి
నెలంతా రావలసిన సంతోషపు జీతాన్ని
ఒక్క రాత్రిలో ఒళ్ళో కుమ్మరించి
తెల్లారేసరికి జీతాలిచ్చే గదిని పాడుచేస్తుంది.
పోతూ పోతూ గడప గొళ్ళెం వదులు చేస్తుంది.
ఒకటీ ఒకటీ కలిస్తే రెండా, పదకొండా
అని తేల్చడానికే మా ఈ మాటలూ, మేకులూ.

"రక్తంలో ఏమీ కనబడలేదన్నారుగా?"
అవును. మాత్ర మంచిది, మానకు.
కానీ కనబడకపోవడమూ లేకపోవడమూ
ఒక ఇంటిపేరు వాళ్ళు కారు.

అతను చాలాసేపు బొమ్మనే చూశాడు.
"మాత్ర వేసుకున్నానో లేదో గుర్తుండదు.
మరిచిపోతే అది పెరుగుతుంది.
అది పెరిగితే ఇంకా మరిచిపోతాను.
కెటిల్ పెట్టి వీధిలోకి వెళ్ళిపోయా మొన్న,
అడుగు మాడిపోయింది.
అక్క లవోనా సోమరిపోతునంటుంది.
సోమరితనం కాదని
ఒక కాగితం రాసిస్తారా?"

అలాంటి ఫారం మా దగ్గర లేదు.
క్లినిక్ ముద్ర ఉన్న కాగితం మీద
నాలుగు వాక్యాలు రాసిచ్చాను, నియమం కాకపోయినా.

ఎనిమిది నెలలకి మళ్ళీ వచ్చాడు, గంట ఆలస్యంగా.
పొడి మానేసి అయిదు నెలలన్నాడు;
మూత్రం పరీక్ష కూడా అదే అంది.
ఎడమచేతి మేకులు ఇంకా తడబడుతూనే ఉన్నాయి.
నేను రాసిచ్చిన కాగితం ఎక్కడో పెట్టి మరిచాడట.
"ఫరవాలేదు, అక్కకి నోటితోనే చెప్పా,
కాపలావాళ్ళూ, గొళ్ళెమూ, అన్నీ."

కొత్త జాబితా చదివాను.
ఎనిమిది మాటలు.
తొమ్మిదోదాని కోసం కళ్ళు మూసుకుని
తెరిచి, నవ్వాడు.

"రైలు లేదు కదా ఈసారి కూడా?"

ఆ రోజు అది తప్పని నేనతనికి చెప్పలేదు.
పెన్ను పట్టుకుని
ఏ గడిలో రాయాలా అని
కాగితమంతా వెతికాను.