ఆఖరిసారి ఎప్పుడు తిన్నారు?

బల్లారట్‌లో జూలై నెల. ఏడు కావడానికింకా పావుగంట.
కారు అద్దం మీది మంచు గీకి గీకి
వేళ్ళు కొయ్యబారిపోయాయి.
ముందు వాటిని చంకల్లో పెట్టి కాచుకోవాలి.
చల్లటి చెయ్యి తగిలితే
నరం నత్తలా లోపలికి ముడుచుకుంటుంది.

తాళం తీయకముందే గుమ్మం బయట ఐదుగురు.
అందరి నోటా ఆవిరి.

పేరు చెప్పమంటే చెబుతారు,
పుట్టిన తేదీ చెబుతారు,
మూడో ప్రశ్న దగ్గరే మనుషులు తడబడతారు.
"ఆఖరిసారి ఎప్పుడు తిన్నారు?"

"రాత్రి నుంచీ ఏమీ లేదు," అంటాడు డెస్మండ్.
మీసం చివర కాఫీ నురగ ఇంకా ఆరలేదు.
కాఫీ తిండి కాదట.
అందులో పాలు ఒక్క చెంచాడేనట.
నేను నురగ వైపు చూస్తాను, అతను నా బూట్ల వైపు.
రేపు రండి, డెస్మండ్,
మంచినీళ్ళు మాత్రం బాగా తాగి రండి.
నీళ్ళు తాగినవాడి నరం పారే కాలువ,
తాగనివాడిది ఎండిన వాగు,
చెలమ తవ్వినట్టు తవ్వుకోవాలి నేను.

ఇందుమతి గారు ముప్పై ఏళ్ళు ఈ ఊరి బళ్ళో లెక్కలు చెప్పారు.
"ఉపవాసమే ఉన్నానమ్మా, నాకు అలవాటేగా.
రెండు అరటిపళ్ళు, గ్లాసుడు పాలు, అంతే."
ఏకాదశికి అది చెల్లుతుంది, మేడమ్.
దేవుడు చూసీ చూడనట్టు ఊరుకుంటాడు.
ఈ మిషను ఊరుకోదు,
తిన్న పండుని అంకె చేసి కాగితం మీద పెడుతుంది.

తారకేశ్‌ని మందులేమైనా వాడుతున్నారా అంటే లేదన్నాడు.
జుట్టు పల్చబడిందని
రోజూ గులాబీ రంగు గోళీ మింగుతున్నాడని
సూది తీసి పక్కన పెట్టాక బయటపడింది.
బయోటిన్.
మంచి థైరాయిడ్‌ని చెడ్డదిగా చూపించగలదు,
చెడ్డదాన్ని మంచిదిగానూ.
విటమిను మందు కాదని ఎవరు చెప్పారో ఇతనికి!
డాక్టరుతో మాట్లాడి, ఆపి, మళ్ళీ రమ్మన్నాను.
నెత్తి తడుముకుంటూ వెళ్ళాడు.

ఇక ఆ పెద్ద సీసా సంగతి.
ఇరవై నాలుగు గంటల మూత్రం పట్టాలి.
బెరిల్ దాన్ని పిక్నిక్ ఐస్ పెట్టెలో పెట్టి
పెళ్ళి కేకులా రెండు చేతులా మోసుకొచ్చింది.
మొదటిరోజు పొద్దుటిదీ పట్టావా, బెరిల్?
పట్టకేం, ఒక్క చుక్క వదల్లేదంది.
వదలాలి.
అది నిన్నటి రాత్రి బాకీ,
దాన్ని పారబోశాకే ఇవాళ్టి గడియారం మొదలు.
బెరిల్ సీసా వంక చూసింది, నా వంక చూసింది,
దాని పేరేదో నేనిక్కడ రాయలేని మాటతో పిలిచింది.

అప్పుడొచ్చాడు కాలమ్,
రోడ్డు పనివాళ్ళ పసుప్పచ్చ కోటు,
ఇరవై ఏళ్ళు ఉంటాయేమో.
చక్కెర పరీక్ష.
"ఆఖరిసారి ఎప్పుడు తిన్నారు?"
"నిన్న పొద్దున."
అంతసేపు అక్కర్లేదు, బాబూ,
ఎనిమిది గంటలు చాలు, కాగితంలో ఉంటుంది.
"చదివాను," అన్నాడు చొక్కా చెయ్యి పైకి మడుస్తూ.
"జీతం గురువారం."

ఇవాళ మంగళవారం.

ఫారంలో ఒకే ఒక్క గడి. ఉపవాసం: అవును, కాదు.
అవును దగ్గర టిక్కు పెట్టాను.
గంటలు: ఇరవై నాలుగు.
పిడికిలి బిగించొద్దన్నాను.
నరం దానంతటదే పైకి వచ్చింది,
వెతుక్కోవాల్సిన పనే లేకపోయింది.

కళ్ళు తిరిగేవాళ్ళ కోసం మా దగ్గర బిస్కెట్ల డబ్బా ఉంది.
మనిషికి రెండని రూలు.
మూత తీసి అతని మోకాళ్ళ మీద పెట్టి
గోడ వైపు తిరిగి
గొట్టాల మీద పేరు రాయడం మొదలుపెట్టాను.
కాలమ్. ఎంత చిన్న పేరు!
రాయడానికి చాలాసేపు పట్టింది.

మర్నాడు డెస్మండ్ మీసం కడుక్కుని వచ్చాడు.
"నీళ్ళే," అన్నాడు నేనడక్కముందే.
రక్తం ఇచ్చాక డబ్బా అందుకుని
చెవి దగ్గర ఆడించి చూశాడు.
"ఏవి నా రెండూ?"
అయిపోయాయి, డెస్మండ్.
నిన్న ఇక్కడ ఒకరు
మీకంటే నిజంగా ఉపవాసం ఉన్నారు.