అట్ట మీద పాదాలు

పొందూరు రైల్వే గేటు దాటాక
మందుల షాపు వెనక గది నాది.
"ఊపిరి బిగబట్టకండి, మోకాలికి అక్కర్లేదు" అని
రోజుకి ఇరవైసార్లు చెబుతాను.
అయినా అందరూ బిగబడతారు.

దాలెమ్మ బిగబట్టలేదు.
బొమ్మ తెర మీదికి వచ్చేదాకా బల్ల అంచున కూర్చుని,
వచ్చాక తేరిపార చూసి,
"ఎముకలకి పళ్ళు లేవేటి బాబూ" అంది.
వాలుగ చేప దవడతో నలభై ఏళ్లుగా దూది దువ్వే మనిషి,
ఎముకంటే పళ్ళుండాలనుకుంటుంది.

తొడ ఎముకకీ కాలి ఎముకకీ నడుమ
ఒక నల్లటి సందు.
గుజ్జు ఉండేది అందులోనే, ఎక్స్-రేకి కనబడదు.
కనబడనిదాన్ని
దాని చుట్టూ కనబడేవాటి దూరంతో కొలుస్తాం,
మిల్లీమీటర్లలో, పాయింటు పెట్టి మరీ.

పోయిన భాద్రపదంలో రెండు పాయింట్ మూడు.
ఈ భాద్రపదంలో మూడు పాయింట్ ఒకటి.
బుధవారాలు శ్రీకాకుళం నుంచి వచ్చే శశిశేఖర్ డాక్టరుగారు
రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి
"సందు పెరిగింది, మందు పనిచేసింది" అన్నారు.
ఆ మాటే రాసి కింద సంతకం చుట్టారు.

దాలెమ్మ మోకాలి మీద చెయ్యేసుకుంది.
"పెరిగితే నాకు సెప్పలేదేటి ఇది?
రేత్రి పీట మీంచి లెగలేకపోనాను."

నాకు తెలుసు.
పోయినేడు ఆవిడ కాలివేళ్లు బయటికి తిరిగి ఉన్నాయి.
ఈయేడు స్టాండు బోల్టు వదులై
ట్యూబు రెండు మూడు డిగ్రీలు కిందికి వాలింది.
పళ్ళేన్ని అంచుకి ఎదురుగా చూస్తే గీత,
కాస్త వంచి చూస్తే చంద్రవంక.
పళ్ళెం అదే.

ఆ రాత్రి షట్టరు సగం దించి
అదే బొమ్మని మళ్ళీ కొలిచాను.
మూడు పాయింట్ ఒకటి.
మళ్ళీ. రెండు పాయింట్ ఎనిమిది.
టీ తాగొచ్చాక మూడు పాయింట్ నాలుగు.
తెర మీద ఎముక కదల్లేదు,
అంచు ఎక్కడ మొదలవుతుందో
నా కన్నే మాట మార్చింది.
ఏడాదంతా అరిగేదానికంటే
నా చేతి తడబాటే ఎక్కువ.

మర్నాడు వాళ్ళ వీధికి వెళ్ళాను.
రాట్నం ముందు ఒక కాలు మడిచి, ఒకటి చాపుకుని ఉంది.
చెప్పాను. బోల్టు సంగతితో సహా.
తిడుతుందనుకున్నాను. పోగు తెగకుండా ఆపి,

"వానరోజున సిలప తూకానికి అట్టుకెల్తే
తేమకి బరువెక్కుద్ది.
బరువెక్కితే నంబరు దిగిపోద్ది, డబ్బులూ దిగిపోతాయి.
నూలు నాను వడికిందే కదా, మారిపోద్దేటి?
గుమస్తాని తిట్టి ఏటి లాబం.
ఎండెక్కినాక ఎల్తాను.
నువ్వూ ఏ పొద్దున తూసినావో రాసుకో"
అని మళ్ళీ తిప్పడం మొదలెట్టింది.

తర్వాతి వారం వచ్చినప్పుడు
ఫిల్ముల పెట్టె చింపి నేల మీద పరిచి
ఆవిడని నిలబెట్టాను.
వడ్రంగి పెన్సిల్‌తో పాదాల చుట్టూ గీస్తుంటే
చక్కిలిగింతకి ఒక కాలు ఎత్తేసింది.
"పారాణెడతావేటి, ఈ వయసులో!"
మళ్ళీ గీశాను. ఎడమ బొటనవేలు
పక్కవేలి మీదికి ఎక్కి ఉంటుంది, అదీ గీశాను.
పక్కన రాశాను: ట్యూబు వాలు, దూరం,
బోల్టు బిగించిన తేదీ, ఉదయం పదిన్నర.
ఎందుకో, ముసురు అని కూడా.

డాక్టరుగారు ముందు విసుక్కున్నారు.
"రిపోర్టు ఇచ్చేశాం కదయ్యా."
ఆపై బుధవారం తానే అడిగి తీసుకుని
పెరిగింది అన్నచోట గీత కొట్టి
పోల్చడానికి వీల్లేదు అని రాశారు.
మోకాలు ఎలా ఉందని ఆవిడనే అడిగారు,
ఈసారి కుర్చీ దగ్గరికి లాక్కుని.

అట్ట బీరువా వెనక నిలబెట్టి ఉంచాను, వచ్చే భాద్రపదానికి.
నిన్న జనం ఎక్కువై, కంగారులో
ఒక లారీ డ్రైవర్ని దాని మీద నిలబెట్టేశాను.
అతని మడమలు ఆవిడ గీత దాటి
నేల మీదికి వచ్చాయి.
దిగమన్నాను.
"ఏమైంది సార్" అన్నాడు.
కొత్త అట్ట కోసం వెతుకుతూ
ఒక్క నిమిషం అన్నాను.