మళ్లీ ఎప్పుడు రావాలంటే

మళ్లీ ఎప్పుడు రమ్మంటావని అడిగావు
బూట్ల తాళ్లు కట్టుకుంటూ.
ఆగు, టీ పెడుతున్నాను.
ఇక్కడ నీళ్లకి తొందరెక్కువ, ఇట్టే మరుగుతాయి.
ఆకే, ఓ పట్టాన దిగదు.

మే నెలలో మాత్రం వద్దు.
మే నెల మాది కాదు, గాలిది.
మధ్యాహ్నం ఒంటిగంటకి డ్యూటీ ఎక్కుతుంది,
చీకటి పడేదాకా ఇసుకని
ఈ కొండ నుంచి ఆ కొండకి మోస్తుంది,
మర్నాడు అదే ఇసుకని వెనక్కి తెస్తుంది.
త్సంపా ముద్ద పంటికింద కరకరమంటుంది.
గొర్రెలు ఎముకల మీద ఉన్ని కప్పుకుని తిరుగుతాయి.
పచ్చగడ్డికి ఇంకా నలభై రోజులు.
మా అమ్మ ఆ రోజుల్ని లెక్కపెట్టదు.
లెక్కపెడితే పెరుగుతాయట.

సెప్టెంబరు నువ్వు చూశావు.
వాన మూటాముల్లె సర్దుకుని దక్షిణానికి దిగిపోయాక
కొండ పాదం నుంచి నెత్తిదాకా కనిపించింది నీకు.
సరస్సు ఒక్క పూటలో నాలుగు నీలాలు మార్చింది.
మొదటి రాత్రి తలపట్టుకుని కూర్చున్నావు,
కిందికి దించేస్తాను జీపెక్కమంటే మొహమాటపడ్డావు.
ఈసారి పడకు.
కొండ ఎవర్నీ పరీక్షించదు,
దానికంత తీరిక లేదు.

జూలై గురించి అడగలేదు నువ్వు. అయినా చెప్తాను.
జూలైలో మా గడ్డి వేలెడు.
నవ్వకు, వేలెడే.
ఏడాదికి సరిపడా వెన్నంతా ఆ వేలెడులోంచే తియ్యాలి.
పొద్దున చీలమండ తడవని వాగు
ఎండకి పైన మంచు కరిగి
మధ్యాహ్నానికి మొలలోతు.
ఒకసారి అవతలి గట్టున ఓ ముసలాయన, కూతురు
రెండు రాత్రులు చిక్కుబడిపోయారు.
మా తమ్ముడు గ్యుర్మే వడిసెలలో రాయికి బదులు
గుడ్డ చుట్టిన రొట్టె పెట్టి విసిరాడు.
మొదటి రెండూ చేపలపాలు.
మూడోది ముసలాయన టోపీలో పడింది.
ఇప్పటికీ వాడు చెప్పుకునే ఘనత అదొక్కటే.

డ్రైవర్లనడుగు, సెప్టెంబరు అంటారు, అక్టోబరు సగందాకా అంటారు.
వాళ్లది అబద్ధం కాదు.
కానీ సెప్టెంబరులో నీకు దొరికింది ఎవరు?
పన్నెండు పరుపులు దులిపే నేను.
ఈ పది రోజుల్లో నీతో కూర్చుని ఒక్క కప్పు తాగలేదు,
ఇదే మొదటిది.
అమ్మ ఎగువ మేతలో ఉంది.
పెల్జోర్ ఉన్ని బేరానికి వెళ్లాడు.
మా ఛిమే జిల్లా బడి హాస్టల్లో
కిటికీ పక్క మంచం కోసం పోట్లాడుతుంటాడు.

అందరం ఉండేది జనవరిలో.
కనుమ మూసుకుపోతుంది, జీపు డీజిలు ముద్ద కడుతుంది,
తడిచెయ్యి తలుపు గడియకి అంటుకుని రానంటుంది.
పొయ్యి చుట్టూ ఏడుగురం, ఒక కుంటి గొర్రెపిల్ల.
అర్ధరాత్రి సరస్సు మంచు ఫెళ్లున పగిలి
ఆ మోత ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి పరిగెడుతుంది.
చిన్నపిల్లలు ఉలిక్కిపడితే అమ్మ నిద్రలోనే అంటుంది,
"ఏం లేదు, పక్కకి తిరిగి పడుకుంటోంది."

జనవరిలో రమ్మని ఎవరికీ చెప్పను.
చెప్పకూడదు కూడా.
ఊపిరి గడ్డకట్టే చలి, డాక్టరు రెండు రోజుల దూరం,
ఆ రోడ్డు మీద నా మాట పూచీ కాదు.
అతిథుల పుస్తకంలో జనవరి పేజీలన్నీ తెల్లగానే ఉంటాయి.
సెలవులకొచ్చినప్పుడు ఛిమే
వాటిమీద భాగహారాలు చేసుకుంటాడు.
చూడు, ఇదిగో,
శేషం ఎప్పుడూ తప్పే.

తాగు మరి.
వెన్న పైకి తేలి గడ్డకడుతోంది.